లైసెన్సుతో పాటే పోయిన ఫిర్యాదు

కొత్త ల్యాప్‌టాప్ కొన్న ఇంట్లో వైఫై అందుకోకపోతే సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా మొదట తోచే ప్రశ్న ఒకటే: ఎవరికి ఫోన్ చేయాలి? అమ్మిన షాపాయన నెట్టు వాళ్ళనడగమంటాడు. నెట్టు వాళ్ళు మా దగ్గర్నుంచి బాగానే వస్తోంది, ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది, షాపులో చూపించుకోండి అంటారు. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు చేస్తే ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయమంటారు. ఈ తిప్పుడంతా ఈ కాలపు నిర్లక్ష్యం కింద జమకట్టడం మనకు అలవాటు. నాకు అలా అనిపించదు. దీని మూలం ఇరవై ఏళ్ళ కిందటి ఒక ప్రభుత్వ నిర్ణయంలో ఉంది, అంతకు ముందు నూట ఇరవై ఏళ్ళ పాటు నడిచిన పద్ధతిలోనూ ఉంది. గాలిలో పోయే తరంగం సర్కారు సొత్తుగా ఉన్నన్నాళ్ళూ దాన్ని వాడుకోవాలంటే లైసెన్సు కావాలి; అది పనిచేయకపోతే చెప్పుకోవడానికి ఒక చోటూ ఉండేది. లైసెన్సు, ఫిర్యాదు ఒకే కాగితానికి రెండు వైపులు. 2005లో ఆ కాగితాన్ని చింపేశారు. లైసెన్సు బాధ తప్పిందని సంతోషించామే గాని వెనక వైపున ఏం రాసి ఉందో ఎవరూ తిప్పి చూడలేదు.

1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం తంతి వేసే, నడిపే హక్కంతా ప్రభుత్వానికే కట్టబెట్టింది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇంకాస్త ముందుకు పోయి, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమంది. వాడావా లేదా అన్న విచారణ అక్కర్లేదు, ఇంట్లో ఉంటే చాలు. ఈ చట్టం పుట్టినప్పుడు మన మూడు ఊళ్ళూ నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లావి కాబట్టి ఇక్కడ అది నేరుగా చెల్లదు. కానీ సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలోనే తగిలే మునగాల నిజాంది కాదు. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద ఉండేది. అది నల్లగొండలో కలిసింది 1959లో. అంటే ఆ రోజుల్లో సూర్యాపేట నుంచి కోదాడ బయల్దేరిన మనిషి ఒక్క పూటలో రెండుసార్లు వైర్‌లెస్ చట్టాలు మారే ఎల్లలు దాటేవాడన్నమాట. దారిలో కనబడని ఎల్లలు అవి, చట్టం పుస్తకంలో మాత్రం గట్టివి. హైదరాబాదులో 1933లో మహబూబ్ అలీ పెట్టిన చిన్న ప్రైవేటు రేడియో స్టేషన్‌ను 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది; అదే దక్కన్ రేడియో. బ్రిటిష్ వాళ్ళయినా నిజామైనా ఈ ఒక్క విషయంలో ఒకే తీరుగా ఆలోచించారు: తరంగం దొరతనం చేతిలోనే ఉండాలి. 1948 సెప్టెంబరులో బెజవాడ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగానే హైదరాబాదుకు సాగింది. నిజాం లొంగుబాటు మాట వినబడింది దక్కన్ రేడియోలోనే. ఆ ఏడాది డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది, 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిపోయింది. భారత చట్టాలు ఇక్కడికీ వచ్చాక మునగాలకూ సూర్యాపేటకూ మధ్య ఆ తేడా చెరిగిపోయింది.

తర్వాతి ముప్పై ఐదేళ్ళు రేడియో ఉన్న ప్రతి ఇంట్లో ఒక లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటా పోస్టాఫీసుకు పోయి రుసుము కట్టి, పుస్తకంలో బిళ్ళలు అంటించుకుని ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యలో ఆ బాధ తొలగింది. టెలిఫోన్‌ది ఇంకా పెద్ద తతంగం. తీగ టెలిఫోన్ శాఖది, స్తంభం శాఖది, చివరికి ఇంట్లో బల్ల మీద కూర్చున్న నల్లటి పెట్టె కూడా శాఖదే. దాన్ని విప్పే హక్కు ఇంటివాళ్ళకు లేదు. ఇంకో గదిలోకి ఎక్స్‌టెన్షన్ లాగాలన్నా దరఖాస్తు పెట్టాలి. లైన్ డెడ్ అయితే 198కి చెప్పాలి, లేదా ఎక్స్చేంజికి నడిచి పోయి రిజిస్టరులో రాయించాలి. ఆ తర్వాత లైన్‌మన్ నిచ్చెన భుజానేసుకుని ఎప్పుడు వస్తే అప్పుడే. వానాకాలంలో కేబుల్‌లోకి నీళ్ళు దిగితే వారాలు గడిచేవి. జాతీయ రహదారి పక్కన ఎవరైనా తవ్వితే ఊరంతా మూగబోయేది. అదొక స్వర్ణయుగమని నేను అనడం లేదు. ఫిర్యాదు రాసినంత మాత్రాన పని జరుగుతుందన్న భరోసా ఏమీ లేదు, దసరా మామూలు ఇవ్వని ఇంటికి లైన్‌మన్ దారి మర్చిపోవడమూ ఉండేది. నేను చెప్పేది వేరు. తప్పు వెతికే పని ఎవరిదన్న విషయంలో మాత్రం అనుమానం ఉండేది కాదు. అది శాఖ పని. ఇంటివాళ్ళకు ఆ విద్య అక్కర్లేదు, నేర్చుకుంటే అది మర్యాద కూడా కాదు.

దీనికి రెండు అభ్యంతరాలు వెంటనే వస్తాయి, రెండూ గట్టివే. మొదటిది రేడియో మెకానిక్. లైసెన్సు రోజుల్లోనే ప్రతి తాలూకా కేంద్రంలో బస్టాండు దగ్గర ఓ రేడియో రిపేరు షాపు ఉండేది కదా, అక్కడ కుర్రాళ్ళు సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని వాల్వులూ ట్రాన్సిస్టర్లూ మార్చేవారు కదా, మరి తప్పు వెతికే విద్య సర్కారు చేతిలోనే ఉందని ఎలా అంటారు? నిజమే. అయితే ఆ మెకానిక్ విప్పింది వినే పెట్టెను, పలికే పెట్టెను కాదు. తరంగాన్ని పంపే పరికరం జోలికి పోవాలంటే పరీక్ష పాసై హామ్ లైసెన్సు తెచ్చుకోవాలి. హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పెట్టిందాకా ఆ దారి తెలిసినవాళ్ళే తక్కువ. రెండో అభ్యంతరం టీవీ ఏంటెనా. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చాక, ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టిందాకా, మేడ మీద పొడుగాటి గొట్టానికి ఏంటెనా కట్టి ఒకరు పైన తిప్పుతుంటే ఒకరు కిటికీలోంచి “వచ్చింది, వచ్చింది... పోయింది, మళ్ళీ వెనక్కి” అని అరవడం మన ఊళ్ళన్నింటికీ తెలుసు. ఎవరి అనుమతీ అడక్కుండా ఇంటిల్లిపాదీ చేసిన తరంగాల వెతుకులాట అది. ఈ అభ్యంతరాన్ని నేను సగం ఒప్పుకుంటాను. దిక్కు, ఎత్తు, అడ్డంగా ఏమున్నాయి అన్న మూడు సంగతులూ జనం అక్కడే నేర్చారు, ఇవాళ రౌటరును అలమార వెనకనుంచి తీసి హాల్లోకి మారుస్తున్నది ఆ చదువుతోనే. కానీ బొమ్మ రాకపోవడానికి కారణం స్టేషనా, ఏంటెనానా అన్నది పక్కింటి టీవీ చూస్తే తెలిసిపోయేది. ఇద్దరికీ ఒకటే స్టేషను. వైఫైలో ఎవరి స్టేషను వారి ఇంట్లోనే ఉంది. పక్కింటిది సాక్ష్యానికి పనికిరాదు, పైగా అదే అడ్డు కావచ్చు.

ఇంటింటికీ ఒక స్టేషను ఎలా వచ్చింది? 1985లో అమెరికా సమాచార కమిషన్ కొన్ని పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చంది. మైక్రోవేవ్ ఒవెన్ల వంటి వాటి రొదకని వదిలేసిన, ఎవరికీ పెద్దగా అక్కర్లేని పట్టీలవి. 1997లో వైర్‌లెస్ నెట్‌వర్క్‌కు 802.11 ప్రమాణం వచ్చింది, 1999లో వైఫై అన్న పేరు. 2003లో ఇంటెల్ సెంట్రినో పేరుతో వైఫైని ల్యాప్‌టాప్ లోపలే పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఇక్కడ మన 1933 చట్టానికి చిక్కొచ్చింది. ఆ చట్టం మాటను మాటగా చదివితే అలాంటి ప్రతి ల్యాప్‌టాప్ ఒక ట్రాన్స్‌మిటరే, అది సంచిలో ఉన్న ప్రతివాడూ ముద్దాయే. ఒకే ప్రాంగణం లోపల వాడుకోవడానికి అంతకు ముందే కొంత సడలింపు ఇచ్చినా, గోడ దాటిన తరంగానికీ లైసెన్సు అక్కర్లేదని తేల్చింది 2005 జనవరి 28 నాటి నోటిఫికేషన్. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు, నాలుగు వాట్ల ప్రసార శక్తికి మించకుండా, ఎవరైనా వాడుకోవచ్చు. దానికి పెట్టిన షరతులే నా వాదనకు ఆయువుపట్టు. నువ్వు ఎవరికీ ఆటంకం కాకూడదు, నీకు ఆటంకం కలిగితే రక్షణ అడక్కూడదు, అందరితో పంచుకోవాలి. నడిమి షరతును నిదానంగా చదవాలి. పక్కింటి రౌటరు నీ రౌటరును ముంచేస్తే, మేడ కింది హోటల్లో మైక్రోవేవ్ తిరిగినప్పుడల్లా నీ సినిమా ఆగిపోతే, ప్రభుత్వం దగ్గరికి రావద్దు. లైసెన్సు అడగం, ఫిర్యాదు వినం. రెండూ ఒకే గెజిట్‌లో, ఒకే రోజున.

గెజిట్లు ఎవరు చదువుతారు, వైఫై ఇంటికొచ్చింది ధర తగ్గినందువల్ల కదా అనవచ్చు. ధర తగ్గడం నిజం. కానీ ఒక్కో రౌటరుకు ఒక్కో లైసెన్సు అడిగే దేశంలో రౌటరు ఎప్పటికీ కిరాణా సరుకు కాదు. దాన్ని గల్లీ షాపులో అట్టపెట్టెలో పెట్టి అమ్మగలగడమే ఆ నోటిఫికేషన్ ఫలం. అదే 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ తెచ్చింది. ముందటి ఏడు ప్రకటించిన విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. అంతకు ముందు సంచార్‌నెట్ డయలప్ కూతలు వింటూ నెట్ సెంటర్లలో ఎంసెట్ ర్యాంకు చూసుకున్న పిల్లలే తర్వాత కోదాడ చుట్టుపక్కల వెలిసిన ఇంజనీరింగ్ కాలేజీల్లో చేరారు, వాళ్ళ కోసం ఇళ్ళలోకి ల్యాప్‌టాప్ వచ్చింది. తప్పు వెతికే పనీ ఆ పిల్లల నెత్తినే పడింది. చెప్పినవాళ్ళు లేరు. చూసి, విని, తప్పులు చేసి నేర్చుకున్నారు.

వాళ్ళకు ఎదురైన తప్పులను ఒక్కొక్కటే విప్పి చూస్తే ఒక్కోదాని కింద ఒక్కో చరిత్ర పొర కనిపిస్తుంది. కొన్నేళ్ళ పాటు చవక పడుతుందని విండోస్ లేని ల్యాప్‌టాప్‌లు కొనేవారు. వాటిని డాస్ ల్యాప్‌టాప్ అనేవారు. షాపులో ఎక్కడిదో సీడీతో విండోస్ ఎక్కించేవారు, వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, మాత్రం అందులో ఉండదు. నెట్టు రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ దించుకోవాలంటే నెట్టు కావాలి. చాలా ఇళ్ళలో కొత్త ల్యాప్‌టాప్ ‘వైఫై పట్టకపోవడం’ అంటే ఇదే. తరంగంతో దానికి సంబంధమే లేదు. ఇంకో పొర చూడండి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 13వ చానల్ వాడుకోవచ్చు, అమెరికాలో మామూలుగా 11తో సరి. రౌటరు తనంతట తాను 13వ చానల్‌కు పోతే, అమెరికా లెక్కకు అమర్చి వచ్చిన కొన్ని కార్డులకు ఆ పేరే జాబితాలో కనబడదు. ఇంట్లో ఫోన్లన్నీ పట్టుకుంటాయి, కొత్త ల్యాప్‌టాప్ ఒక్కటే గుడ్డిది. రెండు దేశాల చట్టాల మధ్య తేడా మిర్యాలగూడలో ఒక గదిలో బయటపడే తీరు ఇది. పాత మునగాల ఎల్ల ఇప్పుడు చిప్ లోపల ఉంది. 5 గిగాహెర్ట్జ్‌దీ అలాంటి కథే. ఇల్లు దాటి ఆరుబయట కూడా ధారాళంగా వాడుకునేట్టు ఆ పట్టీలో 605 మెగాహెర్ట్జ్‌ను విడిచింది 2018 అక్టోబరులో. అందుకే అంతకు ముందు కొన్న ల్యాప్‌టాపూ తర్వాత కొన్న రౌటరూ కొన్నిసార్లు ఒకరి భాష ఒకరికి సగమే తెలిసిన చుట్టాల్లా ఉంటాయి. పాస్‌వర్డ్ కూడా మొదట్నుంచీ ఉన్నది కాదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళప్పుడు ముంబై దగ్గర ఒక ఇంటి తాళం లేని వైఫై నుంచి బెదిరింపు మెయిల్ పోయిందని తేలాక, వైఫైకి తాళం వేయించమని టెలికాం శాఖ ఇంటర్నెట్ సంస్థలను ఆదేశించింది. ఫిర్యాదు హక్కు లేని తరంగానికి బాధ్యత మాత్రం ఇంటివాళ్ళదే అయింది.

మరో అభ్యంతరం ఉంది. ఈ ఊళ్ళలో జనం ఇంటర్నెట్‌లోకి వచ్చింది రౌటరు దారిన కాదు, సెల్‌ఫోన్ దారిన. 2016 సెప్టెంబరులో జియో వచ్చాకే అసలు కథ మొదలైంది. సెల్ కంపెనీ లైసెన్సున్న కంపెనీ, దానికి కస్టమర్ కేర్ ఉంది, కాబట్టి మీరు చెప్పే కాగితం కథ వీళ్ళకు వర్తించదు. ఫోన్ వరకైతే ఒప్పుకోవచ్చు. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నిలవదు. ఫోన్‌లో నెట్టును ల్యాప్‌టాప్‌కు ఇవ్వడానికి హాట్‌స్పాట్ పెడతారు. హాట్‌స్పాట్ పెట్టిన క్షణంలో ఫోన్ ఒక చిన్న రౌటరు. టవరు నుంచి ఫోన్ దాకా లైసెన్సున్న తరంగం, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్ దాకా లైసెన్సు లేని తరంగం. కస్టమర్ కేర్ మొదటి దానికే జవాబు చెబుతుంది. మంచం మీద ఫోనూ బల్ల మీద ల్యాప్‌టాపూ మాట్లాడుకోకపోతే అది వాళ్ళ లెక్కలో తప్పే కాదు.

లైసెన్సు పూర్తిగా పోయిందని కూడా అనలేం, చేతులు మారింది. 1990ల్లో డిష్ పెట్టి ఇంటింటికీ తీగ లాగిన కేబుల్ టీవీ వాళ్ళే చాలాచోట్ల ఇవాళ నెట్టు ఇచ్చే వాళ్ళు. కనెక్షన్ ఇచ్చిన రోజున ఏ పరికరం తగిలించారో దాని మ్యాక్ అడ్రస్‌ను, అంటే ఆ పరికరం గుర్తింపు నంబరును, తమ దగ్గర రాసుకుని దానికే నెట్టు వదలడం వాళ్ళలో కొందరికి అలవాటు. రౌటరు లేకుండా నేరుగా తీగ తగిలించుకున్న ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ కొంటే, అందులో ఏ లోపమూ లేకపోయినా నెట్టు రాదు. ఫోన్ చేసి కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి. రౌటరు ఉన్నా దాని లోపలి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ బిగించిన అబ్బాయికే తెలుసు. సొమ్ము ఇంటివాళ్ళది, తాళం చెవి ఆపరేటరుది. పాత శాఖవారి నల్ల ఫోనుకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ రిజిస్టరు లేదు. తీగల సంగతి ఇంకా ముదిరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఫైబర్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగితే, తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే ఫైబర్ గొట్టం వేయాలని ఎంచుకుంది. కోదాడ దాటి సరిహద్దు అవతలికి పోతే అదే ఫైబర్ నేల విడిచి స్తంభం ఎక్కుతుంది. ప్రైవేటు వాళ్ళు మాత్రం అటూ ఇటూ స్తంభాలనే నమ్ముకున్నారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు తగిలి జనం చనిపోయాక, స్తంభాల మీది కేబుళ్ళను కోసేస్తూ పోతే వేల ఇళ్ళలో వైఫై ఆగింది. ఏ తీగకు అనుమతి ఉంది, దేనికి లేదు అన్న తగాదా హైకోర్టు దాకా పోయింది. అనుమతి లేని తీగకు కూడా గొంతు లేదని అప్పుడు తెలిసొచ్చింది.

ఫిర్యాదుకు చోటే లేదనడం అన్యాయం, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉంది కదా అని ఈ రంగం తెలిసినవాళ్ళు అంటారు. ఉంది. బ్రాడ్‌బ్యాండ్ తప్పుల్లో 90 శాతానికి పైగా మరుసటి పనిదినానికల్లా, 99 శాతం మూడు పనిదినాల్లో సరిచేయాలని 2006లోనే నియమం పెట్టింది, 2012లో ఫిర్యాదుకు నంబరు ఇవ్వాలనీ, వినకపోతే అప్పీలుకు పోవచ్చనీ చెప్పింది. 1885, 1933 చట్టాలను పక్కన పెట్టి 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టమూ వచ్చింది. కానీ ఇవన్నీ ఆపరేటరు గోడకు బిగించిన డబ్బా దాకానే. డబ్బాలో ఎర్ర దీపం వెలిగితే అది వాళ్ళ తప్పు. ఆకుపచ్చ దీపాలన్నీ వెలుగుతుంటే అక్కడి నుంచి ల్యాప్‌టాప్ దాకా ఉన్న పది పదిహేను అడుగులకు జవాబుదారీ ఎవరూ లేరు. ఆ హద్దును ఇంటివాళ్ళే తేల్చుకోగల సాధనం ఒకటి చాలాకాలం ఉండేది: గజం పొడుగు లాన్ తీగ. డబ్బాకూ ల్యాప్‌టాప్‌కూ దాన్ని తగిలిస్తే నెట్టు వచ్చిందా, తరంగానిదో వైఫై కార్డుదో తప్పు. రాలేదా, డబ్బా అవతలిది, అదీ కాకపోతే ల్యాప్‌టాప్ అమరికలది. పదేళ్ళుగా ల్యాప్‌టాప్‌లు పలచనవుతూ వచ్చి చాలావాటికి ఆ తీగ దూర్చే రంధ్రమే తీసేశారు. ఆపరేటరు దగ్గర్నుంచి వచ్చే అబ్బాయి తన వెంట రంధ్రమున్న పాత ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాడు, తగిలించి వేగం చూపిస్తాడు, మా వైపు బాగానే ఉందని సంతకం పెట్టించుకుని పోతాడు. ఆ సంతకం పెట్టే ముందు, యూఎస్‌బీకి తగిలించే లాన్ అడాప్టరు ఒకటి కంప్యూటర్ షాపులో కొని దగ్గర ఉంచుకుంటే, పరీక్ష అతని ల్యాప్‌టాప్ మీద కాకుండా మన ల్యాప్‌టాప్ మీదే చేయించవచ్చు.